ఇంటి బడికి ఏ పుస్తకాలు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్న క్రైస్తవ కుటుంబాలు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే ప్రశ్న ఇద్దరు ముగ్గురు అడిగినచోట ఒకటిగా కలిపాం.

ప్రశ్న: వందనాలండి. మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. ఈ జూన్ నుంచి ఇంట్లోనే చదివించాలనుకుంటున్నాం. అమెరికా నుంచి ఏడాదికి సరిపడా సెట్టు మొత్తం తెప్పించుకోమని మా సంఘంలో ఒకరు చెబుతున్నారు. ఖర్చు ఎక్కువే. తెప్పించుకోమంటారా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: మొదటి ఏడాది వద్దమ్మా. ఆ సెట్లు మంచివి కాక కాదు. సన్‌లైట్, అబేకా, మై ఫాదర్స్ వరల్డ్ లాంటివి ఎన్నో ఏళ్లుగా కుటుంబాలు వాడుతున్నవే. కానీ సెట్టు కొనే నాటికి మీ బాబు ఏ విషయంలో ఎక్కడున్నాడో మీకింకా తెలియదు. బడిలో నాలుగో తరగతి చదివిన పిల్లాడు చదవడంలో ఐదులోనూ, లెక్కల్లో రెండులోనూ ఉండటం మామూలే. సెట్టు మాత్రం అన్నీ ఒకే తరగతివి వస్తాయి. పైగా వాటి టీచర్ గైడు ఏడాదికి 36 వారాలు, వారానికి ఐదు రోజుల లెక్కన రాసి ఉంటుంది. ఇంట్లో ఎవరికో జ్వరమొస్తే రెండు వారాలు వెనకబడతారు. అక్కణ్నుంచి చదువు సంగతి పోయి గైడుని అందుకోవడమే పనవుతుంది.

ముందు ఈ కొద్దిపాటి వాటితో మొదలుపెట్టండి. పిల్లలిద్దరికీ చెరొక తెలుగు బైబిలు కొనండి. అచ్చు పెద్దదిగా ఉండేది చూసుకోండి, సన్న అచ్చు చదవలేక పిల్లలు మానేస్తారు. రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ (ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ) తెలుగు, లెక్కల పుస్తకాలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. బాబుకి మూడు, నాలుగు తరగతులవి రెండూ దించుకోండి. కథల కోసం సికింద్రాబాదు మంచి పుస్తకం వారి చిన్న పుస్తకాలు ఓ పది కొనండి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం. పాపకి ఇంగ్లీషు చదవడం నేర్పడానికి ‘టీచ్ యువర్ చైల్డ్ టు రీడ్ ఇన్ 100 ఈజీ లెసన్స్’ ఒక్కటి చాలు. రోజుకి ఒక పాఠం, 20 నిమిషాలు. అందులో మొదట్లో అక్షరాల మీద గీతలు, పలకని అక్షరాలు చిన్నగా ఉంటాయి. చివరికొచ్చేసరికి మామూలు అచ్చులోకి మారుతుంది. ఆ మార్పు దగ్గర పిల్లలు తడబడతారు. అప్పుడు ముందుకి తోయకుండా నాలుగైదు పాఠాలు వెనక్కి వెళ్లి మళ్లీ చదివించండి.

లెక్కలకు శాక్సన్ గానీ సింగపూర్ మ్యాథ్ గానీ కొనాలనుకుంటే ముందు ఏ స్థాయి పుస్తకం కావాలో తేల్చే వాటి ప్లేస్‌మెంట్ పరీక్ష నెట్‌లో తీసుకుని బాబుచేత రాయించండి. వయసుని బట్టి కొనకండి. అమెరికా పుస్తకాల్లో అంగుళాలు, పౌండ్లు, డాలర్లు వస్తాయి, లక్షలూ కోట్లూ రావు. పెద్ద సంఖ్యల్ని వాళ్లు మూడేసి అంకెలకి కామా పెట్టి విడదీస్తారు. మన లెక్కలో మొదటి మూడు అంకెల తర్వాత రెండేసి. ఈ తేడా చెప్పకుండా వదిలేస్తే కొన్నేళ్ల తర్వాత పదో తరగతి పరీక్షలో బయటపడుతుంది. అందుకే కొలతలు, సంఖ్యామానం మాత్రం మన ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచే చెప్పండి.

ఎలా చెప్పాలన్నదానికి షార్లెట్ మేసన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయురాలి (1842–1923) పద్ధతి ఇంటి బడికి బాగా కుదురుతుంది. ఆమె రాసిన ఆరు సంపుటాలకూ కాపీరైటు గడువు తీరింది, నెట్‌లో ఉచితం. ఆ దారిలో నడిచే ఆంబుల్‌సైడ్ ఆన్‌లైన్ పాఠ్య ప్రణాళిక కూడా ఉచితమే. చిన్నపిల్లలకి పాఠం 15–20 నిమిషాలు దాటకూడదు. ఒక భాగం ఒక్కసారే చదివి, పుస్తకం మూసి, విన్నది సొంత మాటల్లో చెప్పించాలి. ఇక్కడే చాలామంది తల్లులు పొరబడతారు. మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు, తప్పు వచ్చిన చోట అందుకుంటారు. అలా చేస్తే పిల్లాడు కథని వదిలేసి మీ ముఖం చూసి మాట్లాడతాడు. చెప్పడం అయ్యేదాకా నోరు విప్పకండి, దిద్దాల్సింది ఉంటే చివర్లో. ‘నాకు తెలీదు’ అన్నాడంటే భాగం పెద్దదైందని అర్థం. మర్నాడు సగం చేయండి, అవసరమైతే ఒక్క పేరా.

బాబుకి రోజుకి మూడు గంటలు, పాపకి గంటన్నర. మొదటి ఏడాది అంతకంటే అక్కర్లేదు.

ప్రశ్న: పిల్లలు తెలుగు బాగా మాట్లాడతారు, కానీ బైబిలు చదవమంటే ‘ఈ తెలుగు అర్థం కావట్లేదు’ అంటారు. ఇంగ్లీషు బైబిలు ఇచ్చేయమంటారా?
– ఒక సోదరుడు, ఖమ్మం

జవాబు: ఇంగ్లీషుది ఇవ్వండి, తెలుగుది మాత్రం తీసేయకండి. మీ పిల్లలకి గ్రాంథిక తెలుగు రోజూ తగిలేది బహుశా ఈ ఒక్క పుస్తకంలోనే. అది పట్టుబడితే పాత కీర్తనలు, పద్యాలు, జాషువ కవిత్వం, అన్నీ చేతికి అందుతాయి.

అర్థం కాకపోవడానికి కారణం పెద్ద పెద్ద మాటలేమీ కాదు. క్రియల చివర్లు, కలిసిపోయిన మాటలు, అంతే. 23వ కీర్తన తీసుకోండి. ‘పరుండజేయుచున్నాడు’ దగ్గర పిల్ల ఆగిపోతుంది. పెన్సిలుతో ‘పరుండ, జేయు, చున్నాడు’ అని విడదీసి, ‘చున్నాడు’ని మనం ‘తున్నాడు’ అంటామని ఒక్కసారి చెప్పండి. ‘నడిపించుచున్నాడు’ని తనే ‘నడిపిస్తున్నాడు’ అని చదువుకుంటుంది.

ఒక నోటుబుక్కులో మధ్యగీత గీయించండి. ఎడమవైపు బైబిలు మాట, కుడివైపు మనం మాట్లాడే మాట. చెప్పెను, చెప్పాడు. వచ్చిరి, వచ్చారు. యొద్ద, దగ్గర. నిమిత్తము, కోసం. గనుక, కాబట్టి. రోజుకి ఐదు చాలు. రెండు వారాల్లో నలభై యాభై రూపాలు పోగవుతాయి, తర్వాత చదువు తనంతట తనే సాగుతుంది.

ఆదికాండము నుంచి వరసగా మొదలుపెడితే ఐదో అధ్యాయంలో వంశావళి దగ్గర బండి ఆగిపోతుంది. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, కథ పరుగెడుతుంది. తర్వాత రూతు, యోనా. రెండూ నాలుగేసి అధ్యాయాలు. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి నెలకి సరిగ్గా సరిపోతాయి, తేదీని బట్టి రోజుకొకటి పెద్దపిల్లలకి ఇవ్వచ్చు.

శుక్రవారం శుక్రవారం మూడు పంక్తుల ఉక్తలేఖనం రాయించండి. తప్పులు ఎక్కడ వస్తాయో ముందే చెబుతున్నాం: ‘అద్భుతము’ని ‘అధ్బుతము’ అని, ‘పరిశుద్ధాత్మ’లో ‘ద్ధ’ బదులు ‘ద్ద’ అని. ‘అర్థము’ అంటే భావం, ‘అర్ధము’ అంటే సగం అని కూడా అప్పుడే చెప్పేయాలి. తప్పు రాసిన మాటని పదిసార్లు రాయించడం కన్నా, పైకి పలికించి, ఒత్తు దేనికి తగిలిందో చూపించి, ఒక్కసారి సరిగ్గా రాయించడం మేలు.

ఇంకో సంగతి. బైబిలు ఒక్కటే చదివే పిల్లలు వ్యాసంలో కూడా ‘మా మామయ్య ఊరినుండి వచ్చెను’ అని రాస్తారు. పరీక్షలో మార్కులు పోతాయి. అందుకే పక్కన నేటి తెలుగు కథలు తప్పనిసరి.

ప్రశ్న: మాకు దొరికే క్రైస్తవ జీవిత చరిత్రలన్నీ ఎక్కడో దూరదేశాల వాళ్లవే. మన ప్రాంతం గురించి పిల్లలకి ఏం చెప్పాలి?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: మీరు ఒంగోలు నుంచే ఈ ప్రశ్న అడగడం మాకు సంతోషంగా ఉంది. మీ ఊరి చరిత్రతోనే ఒక నెల పాఠాలు చెప్పచ్చు. 1876–78 కరువులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలిపని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఈ ఒక్క ఘట్టంతో కరువు ఎందుకొచ్చింది, కాలువ ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతుంది, కూలి డబ్బుతో ఏం కొన్నారు అంటూ చరిత్ర, భూగోళం, లెక్కలు మూడూ వస్తాయి. కరువు రోజుల్లో జరిగింది కాబట్టి ఆ చేరికల వెనక అన్నం ఎంత, విశ్వాసం ఎంత అని అప్పుడే ప్రశ్నలు లేచాయి. పెద్దపిల్లలతో అదీ మాట్లాడండి, దాచకండి.

గోడకి కాగితం చుట్ట అతికించి కాలరేఖ గీయించండి. ఏడాదికి ఒక సెంటీమీటరు. 1800 నుంచి 2000 వరకు సరిగ్గా రెండు మీటర్లు. దాని మీద పెట్టాల్సినవి: 1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నం చేరడం, ఆనందరాయరు అనే తెలుగు పండితుడి సాయంతో వాళ్లు తెలుగు చేసిన మొదటి మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చవడం, 1842లో లూథరన్ మిషనరీ హయ్యరు గుంటూరు రావడం, 1847–52 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించడం, 1912లో అజరయ్య దోర్నకల్ బిషప్పు కావడం. ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. 1964లో గుర్రం జాషువ ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతి రావడం కూడా పెట్టండి. పదమూడేళ్లు దాటిన పిల్లలకి ఆ కావ్యం నుంచి వారానికి ఒక పద్యం ఇవ్వచ్చు.

పాట సంగతి మరవకండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంట్లో ఉండే ఉంటుంది. పురుషోత్తమ చౌదరి కీర్తనల మీద రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి. నెలకొకటి నేర్పితే ఏడాదికి పన్నెండు కీర్తనలతోపాటు ఆది తాళం, రూపక తాళం చేతికొస్తాయి.

ప్రపంచ చరిత్రకు నాలుగు సంపుటాల ‘స్టోరీ ఆఫ్ ది వరల్డ్’ బాగుంటుంది. శాతవాహనులు, కాకతీయులు, విజయనగరం మాత్రం రాష్ట్ర సాంఘికశాస్త్రం పుస్తకాల్లోంచి కలుపుకోవాలి.

ప్రశ్న: ఏ.సీ.ఈ. (యాక్సిలరేటెడ్ క్రిస్టియన్ ఎడ్యుకేషన్) వారి పేస్ పుస్తకాలతో రెండేళ్లుగా చదివిస్తున్నాం. మార్కులు తొంభై పైనే వస్తున్నాయి. కానీ అడిగితే ఏమీ చెప్పలేకపోతున్నాడు.
– ఒక సోదరుడు, విజయవాడ

జవాబు: ఆ పుస్తకాల అమరికలోనే ఈ ప్రమాదం ఉంది. ఏడాదికి ఒక్కో సబ్జెక్టుకి 12 చిన్న పుస్తకాలు. పిల్లాడే చదువుకుని, ఖాళీలు పూరించి, కీ చూసి తనే దిద్దుకుంటాడు. చివరి పరీక్షలో 80 శాతం వస్తే ముందుకి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఇది పెద్ద ఊరట. అయితే ఖాళీ పూరించడానికి పై వాక్యంలో మాట వెతికితే చాలు, అర్థం కానక్కర్లేదు. మీ బాబు చేస్తున్నది బహుశా అదే.

మూడు మార్పులు చేయండి. దిద్దే కీ పుస్తకాలు పిల్లాడి బల్ల మీంచి తీసి వేరే గదిలో పెట్టండి, దిద్దుకోవడానికి లేచి వెళ్లాలి, పెన్సిలు ఇక్కడే వదిలి వెళ్లాలి. చివరి పరీక్ష పుస్తకం అయిన రోజే పెట్టకండి, ఒక రాత్రి గడవనివ్వండి. ప్రతి పేస్ అయ్యాక ఒక పేజీ సొంతంగా తెలుగులోనో ఇంగ్లీషులోనో రాయించండి. రాయలేకపోతే మార్కులు ఎన్నొచ్చినా ఆ పుస్తకం అయినట్టు కాదు. ఒకసారి డయాగ్నోస్టిక్ పరీక్ష కూడా మళ్లీ పెట్టండి, ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో తేలుతుంది. రెండు మెట్లు కిందికి దిగాల్సి వస్తే దిగండి.

ప్రశ్న: అమ్మాయికి పన్నెండు. పదో తరగతి సర్టిఫికెట్ ఎలా? తర్వాత ఇంటర్, ఎంసెట్ రాయాలి. అసలు ఇంటి బడికి చట్టం ఒప్పుకుంటుందా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: 2009 విద్యాహక్కు చట్టంలో ఇంటి బడి అన్న మాటే లేదు. 6–14 ఏళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని 10వ సెక్షన్ చెబుతుంది, చేర్పించకపోతే శిక్ష ఏదీ అందులో రాయలేదు. ఇలా ఉందని తెలుసుకునే నిర్ణయం తీసుకోండి. అదే చట్టం 4వ సెక్షన్ ప్రకారం, బడికి వెళ్లని పిల్ల ఎప్పుడు చేరినా వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. అంటే 14 ఏళ్లలోపు తిరిగి బడికి వెళ్లే తలుపు తెరిచే ఉంటుంది.

పదో తరగతికి రెండు దారులు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్. లేదా తెలంగాణ ఓపెన్ స్కూల్. ఆంధ్రాలో ఉన్నవాళ్లకి ఏపీ ఓపెన్ స్కూల్. రెండింటికీ 14 ఏళ్లు నిండాలి. ఎన్‌ఐఓఎస్‌లో ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకపోయినా స్వీయ ధ్రువీకరణతో చేరవచ్చు. ఐదు సబ్జెక్టులు, వాటిలో కనీసం ఒక భాష. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్–మే, అక్టోబర్–నవంబర్. నమోదు ఐదేళ్లు చెల్లుతుంది, ఆలోగా తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒకేసారి రాయక్కర్లేదు, ఈసారి రెండు, వచ్చేసారి మూడు రాయవచ్చు.

నష్టం జరిగేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది సబ్జెక్టుల ఎంపిక. తేలిగ్గా పాసవుతుందని గణితం, సైన్సు వదిలేసి హోమ్ సైన్సు, పెయింటింగ్ తీసుకుంటారు. తర్వాత ఇంటర్ ఎంపీసీలో చేరేటప్పుడు చిక్కు. మీ అమ్మాయికి తెలుగు, ఇంగ్లీషు, గణితం, సైన్సు, సాంఘికశాస్త్రం పెట్టండి. రెండోది టీఎంఏ అనే అసైన్‌మెంట్లు. వాటికి 20 శాతం విలువ ఉంది, గడువు దాటితే ఆ మార్కులు పోయినట్టే. మూడోది ప్రాక్టికల్స్. స్టడీ సెంటర్‌కి వెళ్లి చేయాల్సిందే, ఇంట్లో చేసిన ప్రయోగాలు లెక్కలోకి రావు. అందుకే నమోదప్పుడు ఇంటికి దగ్గరి సెంటర్ ఎంచుకోండి.

ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) స్థానిక అభ్యర్థి అనిపించుకోవడానికి మామూలుగా చదివిన ఏళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మీ అమ్మాయికి అవి ఉండవు. బడిలో చదవని ఏళ్లకి నివాసం ఆధారంగా స్థానికత చూపే వీలు 1974 రాష్ట్రపతి ఉత్తర్వులోనే ఉంది. ఇప్పట్నుంచే అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు కాపీలు ఏడాదివారీగా ఒక ఫైల్లో పెట్టండి. తహసీల్దారు దగ్గర నివాస ధ్రువపత్రానికి వెళ్లినప్పుడు ఆ ఫైలే పనికొస్తుంది. ఈ నిబంధనలు ఇటీవల సవరించారు కాబట్టి రాసే ఏడాది నోటిఫికేషన్ తప్పక చదవండి.

ప్రశ్న: సైన్సుకి అమెరికా క్రైస్తవ పుస్తకాలైన అపాలజియా వాడాలా, మన పాఠ్యపుస్తకమా? సృష్టి విషయంలో రెండూ ఒకటి చెప్పవు కదా.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: పదేళ్లలోపు అపాలజియా బాగుంటుంది. ఏడాదంతా ఒకే అంశం, వృక్షశాస్త్రమో ఖగోళమో, లోతుగా వెళ్తుంది. కానీ చెట్లూ పక్షులూ అమెరికావి. ఆకులు రాలే పాఠానికి మేపుల్ బదులు మీ వీధిలో బాదం చెట్టు చూపండి, పువ్వు భాగాలకు మందారం కోయండి. కీలాగ్రం, కేసరాలు కంటికి స్పష్టంగా కనిపించే పువ్వు అది. పక్షుల పాఠానికి గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకి ఒకరోజు వెళ్లి రండి. వారానికి ఒక బొమ్మ, దాని కింద తేదీ, చోటు. ఏడాది చివరికి వేప ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది, పిల్లలే చెబుతారు.

పన్నెండు దాటాక మన పాఠ్యపుస్తకం ముందుండాలి, పరీక్ష అందులోంచే వస్తుంది. అపాలజియా లాంటి పుస్తకాలు భూమి వయసు కొన్ని వేల ఏళ్లే అన్న నమ్మకంతో రాసినవి. శాస్త్రజ్ఞులు లెక్కగట్టింది దాదాపు 450 కోట్ల ఏళ్లు. బైబిల్ని గౌరవించే క్రైస్తవుల్లోనే ఆదికాండాన్ని చదివే తీరు ఒక్కటి కాదు. మీ ఇంటి నమ్మకం మీరు చెప్పండి. కానీ పరిణామం పాఠం దాటేయకండి. శిలాజాలు ఏం చూపిస్తాయి, రాళ్ల వయసు ఎలా కడతారు అన్నది పిల్లలు పుస్తకం చెప్పినట్టు పూర్తిగా చెప్పగలగాలి. తెలియనిదాన్ని కాదనడం నేర్పితే, కాలేజీలో మొదటి ఏడాదే పిల్లలు ఇంట్లో చెప్పినవన్నీ అనుమానిస్తారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఏం రాసివ్వాలి? తెలుగు ఎలా నిలుపుకోవాలి?
– ఒక తల్లి, టెక్సస్

జవాబు: టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగా చూస్తారు, 1994లో అక్కడి సుప్రీం కోర్టు దాన్ని ఖాయం చేసింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, మంచి పౌరసత్వం, ఈ ఐదూ రాతపూర్వకమైన పాఠ్యాంశాలతో చెబితే చాలు. రాష్ట్ర పరీక్షలు రాయక్కర్లేదు. పిల్లలు ప్రభుత్వ బడిలో ఉంటే మాత్రం మానిపిస్తున్నట్టు ఉత్తరం ఇచ్చి, తేదీ వేసిన కాపీ దగ్గర ఉంచుకోండి. ఉత్తరం ఇవ్వకుండా మానిపిస్తే గైర్హాజరు కింద నోటీసు వస్తుంది.

ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్తే నియమాలు పూర్తిగా మారిపోతాయి. న్యూయార్క్‌లో మొదలుపెట్టిన 14 రోజుల్లోపు స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (ఆ ప్రాంతం బడుల్ని చూసే కార్యాలయానికి) తెలియజేయాలి, మూణ్నెల్లకోసారి నివేదిక పంపాలి, ఆరో తరగతి వరకు ఏడాదికి 900 గంటలు చూపాలి. కాలిఫోర్నియాలో అక్టోబర్ 1–15 మధ్య ప్రైవేటు బడి అఫిడవిట్ వేస్తారు. అందుకే టెక్సస్ అడగకపోయినా హాజరు, చదివిన పుస్తకాల పేర్లు, నెలకి రెండు రాత నమూనాలు దాచండి.

తెలుగుకి ఇక్కడి నుంచి పుస్తకాలు మోయించకండి, ఎస్‌సీఈఆర్‌టీవి దించుకుని అవసరమైన పేజీలే అచ్చు తీయండి. తెలుగు బైబిలు ఆడియో ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది. పిల్లలు అది వింటూ పుస్తకంలో వేలు పెట్టి చదవాలి. రోజుకి పది నిమిషాలు, మార్కు సువార్త సగం అధ్యాయం. శనివారం ఇండియాలో నాయనమ్మకో అమ్మమ్మకో వీడియోలో అదే భాగం చదివి వినిపించాలి. డాలస్‌లో ఉదయం తొమ్మిదంటే ఇండియాలో రాత్రి ఏడున్నర, శీతాకాలంలో ఎనిమిదిన్నర. పెద్దవాళ్లు పడుకునేలోపు ఫోన్ చేయండి.